ఒకటింబావు చుట్టు

ఉదయం ఎనిమిదీ పదికి ఆమె అరలీటరు సీసాలో సబ్బునీళ్ళు కలుపుతుంది. సీసా నిండా స్వేదనజలం, రెండు చెంచాల గిన్నెల సబ్బు, బుడగ తొందరగా పగిలిపోకుండా నాలుగు చుక్కల గ్లిజరిన్. మూత పెట్టి రెండుసార్లు మెల్లగా తలకిందులు చేస్తుంది, ఊపదు. ఊపితే సీసాలోనే నురగ వస్తుంది. నురగలో బుడగ కనపడదు. తర్వాత చిన్న బ్రష్షు తీసుకుని, ఆ గదిలో గోడల వెంట పాకే స్టీలు గొట్టాల అతుకు అతుక్కీ ఆ నీళ్ళు పూసుకుంటూ పోతుంది. మొత్తం నూట నలభై ఆరు అతుకులు. గ్యాసు కారే చోట ఆవగింజంత బుడగ లేస్తుంది. లేవకపోతే ఆ రోజు పని మొదలుపెట్టుకోవచ్చు.

ఆ పరిశోధనాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. బుడగలక్క అంటారు. విభాగం అధిపతిని అందరూ పెద్దసారు అంటారు. వయసులో ఆమె కన్నా రెండేళ్ళు పెద్ద, అయినా ఆయనకూ అక్కే. ఫిట్టరు కోర్సులో ఆ ఏడు చేరిన ఒక్కగానొక్క ఆడపిల్లగా మొదలై, ఇరవై ఆరో ఏట ఇక్కడికొచ్చి, ముప్ఫై ఏళ్ళుగా గ్యాసు గొట్టాలు బిగిస్తోంది. గొట్టం చివర రింగు తొడిగి, నట్టు చేత్తో బిగిసేదాకా తిప్పి, అక్కణ్ణించి స్పానరుతో ఒకటింబావు చుట్టు తిప్పాలి. ఒక పూర్తి చుట్టు, దాని మీద పావు. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే రింగు నలుగుతుంది. కొత్తగా చేరిన వాళ్ళు లెక్క తప్పకుండా నట్టు మీద పెన్నుతో గీత గీసుకుంటారు. ఆమె గియ్యదు. చేతికే తెలుస్తుంది అనేది.

అది గొప్ప కోసం అన్న మాట కాదు. లాగ్‌బుక్కులో ‘కారిన అతుకులు’ అని ఒక వరస ఉంటుంది. వేరేవాళ్ళు బిగించినవి అందులో చాలానే ఉన్నాయి. ఆమె బిగించినది ఒక్కటి కూడా లేదు.

ఆ గదిలో జరిగే పని చెప్పుకోవడానికి సులువే. హైడ్రోజన్ని కాలిస్తే పొగ రాదు, నీళ్ళొస్తాయి. చిక్కంతా దాన్ని దాచడంలో ఉంది. కిలో హైడ్రోజన్ని ఊరికే వదిలేస్తే చిన్న గదంత చోటు ఆక్రమిస్తుంది. నొక్కి పెట్టాలంటే గోడలాంటి మందపాటి సిలిండరు కావాలి. అయితే కొన్ని లోహాల పొడులు, స్పాంజి నీళ్ళు పీల్చుకున్నట్టు ఈ గ్యాసును లోపలికి పీల్చుకుంటాయి. వేడి చేస్తే తిరిగి వదులుతాయి. తన బరువులో ఎన్ని శాతం గ్యాసు పీల్చుకుంటుంది, ఎంత తక్కువ వేడికి ఆ పని చేస్తుంది అన్నదే పొడికి పరీక్ష.

ఆ పరీక్ష చేసే గొట్టాల అమరికను రిగ్గు అంటారు. ఒక చివర గ్యాసు తొట్టి, ఇంకో చివర ఫర్నేసులో చిన్న స్టీలు గది, ఆ గదిలో చెంచాడు కూడా లేని పొడి. తొట్టిలోంచి గ్యాసు వదిలి, ప్రెషరు ఎంత తగ్గిందో చూసి, పొడి ఎంత తిన్నదో లెక్క కడతారు. రిగ్గుకు తెలిసిందల్లా ప్రెషరు తగ్గడమే. ఆ గ్యాసు పొడి కడుపులోకి పోయిందా, అతుకు సందులోంచి బయటికి పోయిందా అన్నది దానికి తెలియదు. ఆ రెండో దారి మూసి ఉంచడమే బుడగలక్క ఉద్యోగం.

ఆమె భర్త సిటీ బస్సు నడిపేవాడు. ఇంట్లో ఈ పొడుల సంగతి చాలాకాలం జోకుగానే నడిచింది.

“మీ పొడితో నా బస్సు ఎప్పుడు కదులుతుందోయ్?”

“మీరు దిగిపోయాక.”

ఆయన రిటైరయ్యి ఆరేళ్ళయింది. బస్సులింకా డీజిలు మీదే తిరుగుతున్నాయి.

ఈ కథ నడిచిందంతా నాలుగేళ్ళలోపే. మొదటి ఏడాది ఆరంభంలో రిగ్గులో ఫర్నేసు వైపు స్టీలు గది పగుళ్ళిచ్చింది. కొత్తది తెప్పించి బిగించే పని ఆమెకు పడింది. ఆ మూల ఫర్నేసుకూ గోడకూ మధ్య స్పానరు ఆడే చోటు లేదు. ఒక్కో పట్టుకు చుట్టులో పన్నెండో వంతు తిరుగుతుంది. తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాలి. ఒకటింబావు చుట్టంటే అలాంటివి పదిహేను పట్లు. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, లెక్కపెట్టుకుంటూ తిప్పుతోంది. మధ్యలో స్టోర్సు గుమాస్తా కాగితాలతో వచ్చాడు.

“అక్కా, సంతకం.”

“కనపడట్లేదా? చేతిలో పనుంది.”

“నా చేతిలోనూ పనుంది. లారీ వాడు గేటు దగ్గర నించుని నన్ను తిడుతున్నాడు. వచ్చి నువ్వు పడతావా ఆ తిట్లు?”

“పెన్నివ్వు.”

సంతకం పెట్టింది. వాడితో రెండు మాటలు ఆడింది, మూడో మాటకు నవ్వింది. మళ్ళీ వంగి మిగతా పట్లు తిప్పింది. పదిహేను అయ్యాయనుకుంది. పన్నెండే అయ్యాయి.

సబ్బునీళ్ళు పూసింది. ఒక్క బుడగ రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఆ అతుకు చల్లగా ఉన్నప్పుడు కారదు. ఫర్నేసు వేడెక్కి లోహం సాగితేనే, మూడు పట్ల బిగువు తక్కువైన చోట వెంట్రుకంత సందు తెరుచుకుంటుంది. చల్లారగానే మూసుకుంటుంది. వేడి మీద సబ్బునీళ్ళు పూయలేరు, పూస్తే ఆవిరైపోతాయి. దాన్ని పట్టుకునే దారి ఒక్కటే. లోపల పొడి పెట్టకుండా, ఉత్త గదిని వేడి చేసి, ఒక పగలూ రాత్రీ ప్రెషరు చూడాలి. దాన్ని వాళ్ళు ఖాళీ పరుగు అంటారు. కొత్త గది బిగించినప్పుడల్లా చెయ్యాలని నియమం. కానీ రిగ్గు కోసం అప్పటికే ఆరుగురు వరసలో ఉన్నారు.

“అక్క బిగించాక ఖాళీ పరుగు దేనికయ్యా?” అన్నాడు పెద్దసారు. “నడపండి.”

ఆ మాట ఆమె విన్నది. ఆ పూటకు బాగానే ఉన్నట్టనిపించింది.

వరసలో మొదటివాడు ఒక కుర్ర పరిశోధకుడు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా ఎప్పుడూ నల్లటి పొడి మరకలతో ఉండేవాడు. మెగ్నీషియంలో కాస్త నికెలూ ఇంకో రెండు దినుసులూ కలిపి, ఉక్కు గోళీలున్న డబ్బాలో వేసి ముప్ఫై గంటలు తిప్పి నూరేవాడు. మామూలు మెగ్నీషియం మూడు వందల డిగ్రీలు దాటితే గానీ పని చెయ్యదు. అతను రెండు వందలకే పని చేయించాలని పట్టుబట్టాడు. మొదటి పరుగులో గంటలో ఐదు పాయింట్ ఒకటి శాతం వచ్చింది. రెండో పొడికి ఐదు, మూడో దానికి ఐదు పాయింట్ రెండు, నాలుగో దానికి మళ్ళీ ఐదు పాయింట్ ఒకటి.

రెండు వందల డిగ్రీలకు ఐదు శాతం అంటే ఆ భవనంలో ఎవరూ చూడని అంకె. పెద్దసారు తన గదిలోంచి లేచి కిందికొచ్చి రిగ్గు తెర ముందు నిలబడ్డాడు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. వేడి చేసి గ్యాసు తిరిగి వదిలించినప్పుడు రెండు శాతమే బయటికొచ్చింది. తిన్నది ఐదు, కక్కింది రెండు. మిగతా మూడూ పొడి తన లోపలే గట్టిగా పట్టుకుందని వ్యాసంలో రాశారు. పెద్ద చదువులు చదివిన నలుగురు దాన్ని చదివి, అయ్యుండొచ్చన్నారు. వ్యాసం అచ్చుకు వెళ్ళింది. ఆ రోజు నుంచి కుర్రాడి పేరు ‘ఐదు శాతం’ అయింది. స్టోర్సు గుమాస్తా పెట్టిన పేరే.

అతను బుడగలక్కకు బిస్కెట్ల డబ్బా తెచ్చిచ్చాడు. “నీ చెయ్యి మంచిదక్కా” అన్నాడు. “నా పొడికి నీ అతుకు కలిసొచ్చింది.”

“పొడి నీది, పేరు నీది. బిస్కెట్లు మాత్రం నావి” అందామె.

తర్వాత అతను ఇంకో లాబొరేటరీలో కొత్త యంత్రం నేర్చుకోవడానికి ఏడు వారాలు వెళ్ళాడు. ఆ మధ్యలో ఒక సాయంత్రం నాలుగింటికి, కొత్తగా వచ్చిన చేతి పరికరాన్ని ఆమె పరీక్షిస్తోంది. గ్యాసు వాసన పడితే పిట్టలా కిచకిచమనే పరికరం. వేరే ఎవరి పొడో ఫర్నేసులో రెండు వందల యాభై డిగ్రీల మీద ఉంది. పరికరాన్ని ఊరికే గొట్టాల వెంట జరుపుకుంటూ పోయింది. ఫర్నేసు మూలకు రాగానే అది కూసింది.

వెనక్కి తీసింది, ఆగింది. దగ్గర పెట్టింది, మళ్ళీ కూసింది.

ఆ పరుగు అయిపోయి ఫర్నేసు చల్లారేదాకా ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని స్పానరు పెట్టింది. ఒక పట్టు తేలిగ్గా తిరిగింది. రెండోది, మూడోది. నాలుగో దానికి బిగిసిపోయింది. మూడు పట్లు, అంటే సరిగ్గా పావు చుట్టు. ఆమెకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. సంతకమూ, లారీ, నవ్వూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

లాగ్‌బుక్కు తెరిచింది. పెన్ను జేబులోనే ఉంది. ‘కారిన అతుకులు’ వరసలో ఎవరు బిగించారో కూడా రాయాలి. కాసేపు ఆ పేజీని చూస్తూ కూర్చుంది. వేడికీ చలికీ మార్చి మార్చి లోనై ఈ మధ్యే వదులై ఉండొచ్చు కదా అనుకుంది. ఆ కుర్రాడి పరుగులప్పుడు బాగానే ఉండి ఉండొచ్చు. అతను తిరిగొచ్చాక మళ్ళీ కొలిస్తే ఎలాగూ తెలుస్తుంది. తప్పయితే అతనే సరిదిద్దుకుంటాడు, దీని సంగతి ఎందుకు. ఇన్ని అనుకుని, పక్క వరసలో ఒక్క ముక్క రాసింది: ‘ఫర్నేసు వైపు నట్టు చూశాను. బిగువుగా ఉంది.’ తేదీ వేసి సంతకం పెట్టింది.

రాసిన దాంట్లో అబద్ధం లేదు.

అతను తొమ్మిది రోజుల తర్వాత వచ్చాడు. కొత్త పొడి నూరి పెట్టి నడిపితే ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. మళ్ళీ నడిపాడు, రెండు వచ్చింది. పొడికి గాలి తగిలిందనుకున్నాడు. గాలి తగలకుండా మళ్ళీ నూరాడు. ఒకటి పాయింట్ ఎనిమిది. వారం తిరక్కుండానే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

“అక్కా, నేను లేనప్పుడు రిగ్గులో ఏమన్నా మార్చారా?”

“ఏం మారుస్తాం?”

“ఏమో. అంకె పడిపోయింది. ఎక్కడన్నా కారుతోందేమోనని.”

“లీకు లేదు నాయనా. పొద్దున్నే చూశా. ఒక్క అతుకు కూడా కారట్లేదు.”

“అయితే తప్పు నా పొడిదే” అన్నాడతను. ఆ మాటలో అనుమానం లేదు. ఆమె మాట మీద అతనికి అంత నమ్మకం. వెళ్ళి మళ్ళీ నూరుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు చెప్పి ఉంటే ఒక నిమిషం పని. తర్వాత వారం చెప్పి ఉంటే పది నిమిషాల పని, కాస్త తలవంపులు. నెల తర్వాతైతే అచ్చయిన వ్యాసం వెనక్కి తీసుకోవాల్సి వచ్చేది, అయినా కుర్రాడు కొత్తగా మొదలుపెట్టుకునేవాడు. ఆమెకు ఇదంతా తెలుసు. ప్రతి వారమూ, పోయిన వారమే చెప్పాల్సిందని అనుకునేది. ఆలస్యమైనకొద్దీ చెప్పాల్సినవి రెండయ్యాయి. నట్టు వదులుగా ఉందన్నది ఒకటి, ఇన్నాళ్ళూ చెప్పలేదన్నది ఇంకొకటి. రెండోది మొదటిదాని కన్నా పెద్దదైపోయింది.

కుర్రాడు పోయిన అంకె కోసం వెతికాడు. ముప్ఫై గంటలు నూరేది నలభై చేశాడు, యాభై చేశాడు. మెగ్నీషియం ఇచ్చే కంపెనీని మార్చాడు. మొదటి నాలుగు పొడులు నూరిన రోజుల్లో గాలిలో తేమ ఎంతుందో పాత లెక్కలు తీసి, గదిలో సరిగ్గా అంత తేమ ఉంచి నూరాడు. అప్పుడు వాడిన ఉక్కు గోళీలు అరిగిపోయి పారేశారని తెలిసి, ఆ గోళీల అరుగుదల ఇనుమే పొడిలో కలిసి అద్భుతం చేసిందేమోనని, పొడిలో ఇనుము కలిపి చూశాడు. దానికే ఐదు నెలలు పట్టింది. ఒకటి పాయింట్ తొమ్మిది రెండయింది, రెండు పాయింట్ రెండయింది. అంతకు మించి కదల్లేదు.

స్టోర్సు గుమాస్తా నోరు ఊరుకోదు. “ఏం బాబూ ఐదు శాతం, ఇవాళెంత శాతం?” అనేవాడు. మొదట్లో కుర్రాడు నవ్వేవాడు. రెండో ఏడు నవ్వడం మానేశాడు. మూడో ఏడు గుమాస్తాయే అడగడం మానేశాడు.

ఒకసారి టీ గదిలో అతను బుడగలక్క పక్కన కూర్చుని చెప్పాడు. “కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చిందక్కా. చేరమని మా అమ్మ ఒకటే పోరు.”

“చేరు మరి.”

“ఎలా చేరను? నేనే చేసిన పొడి నాకే రాకపోతే రేపు పిల్లలకు ఏం చెప్తాను? ఆ అంకె మళ్ళీ ఒక్కసారి వస్తే చాలు. వచ్చిందని చూసి వెళ్ళిపోతాను.”

ఆమెకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో టీ గదిలోకి ఇంకో ఇద్దరు వచ్చారు. “ఉద్యోగం వదులుకోకు” అని మాత్రం అంది. అతను వదులుకున్నాడు. అతను ఉత్తరం రాసి పంపిన సంగతి ఆమెకు వారం తర్వాత తెలిసింది. ఆ రోజు భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళింది.

డబ్బా బరువు చూసి భర్త అడిగాడు. అప్పుడు మొదటిసారి చెప్పింది, నట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం. ఆయన కంది పప్పు ఏరుతున్నవాడు చేట పక్కన పెట్టాడు.

“మాకు డిపోలో ఒక పుస్తకం ఉండేది” అన్నాడు. “బ్రేకులో తేడా ఉంటే బండి అప్పగించేటప్పుడు రాసి దిగాలి. బాగు చేయించినా సరే, ‘తేడా ఉండేది, చేయించాను’ అని రాయాలి.”

“బాగయ్యాక రాయడం దేనికి?”

“అప్పటిదాకా నడిపినవాడు ఆ బండి ఆగేది అంతేననుకుని కాలు అలవాటు చేసుకుని ఉంటాడు కదా. చెప్పకపోతే మర్నాడు తొక్కేసరికి ప్రయాణికులందరూ వాడి ఒళ్ళో పడతారు.”

“ఇది బస్సు కాదండీ.”

“కాదులే” అన్నాడాయన, మళ్ళీ చేట అందుకుని. “బస్సయితే అదే రోజు తెలిసిపోయేది.”

ఆ మాట తర్వాత కూడా ఆమె తొమ్మిది నెలలు ఆగింది. ఎందుకాగావని ఇప్పుడడిగితే, చేతికే తెలుస్తుందని ముప్ఫై ఏళ్ళు అన్నాను కదా, అంటుంది. ఆ మాట తనదేనని, ఎవరూ తనతో అనిపించలేదని కూడా తనే అంటుంది.

చివరికి విషయం బయటినుంచి కదిలింది. వేరే లాబొరేటరీ వాళ్ళు ఆ వ్యాసం చూసి, పొడి కాస్త పంపితే తామూ కొలుస్తామన్నారు. కుర్రాడు మొదటి నాలుగు పొడుల్లో మిగిలినదాన్ని సీలు వేసి దాచిపెట్టుకున్నాడు. దేవుడి గదిలో వస్తువులా దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాడు, గాలి తగులుతుందని తనూ సీలు విప్పి కొలిచేవాడు కాడు. అందులోంచి చిటికెడు పంపాడు. ఆ అసలు పొడికి కూడా వాళ్ళకు ఒకటి పాయింట్ తొమ్మిదే వచ్చింది. వాళ్ళ ఉత్తరం మర్యాదగానే ఉంది. మొదట వచ్చిన కొలతల మూల లెక్కలు చూపించమని, అవి ‘ఎలా తయారయ్యాయో’ వివరించమని అడిగారు.

“విన్నావా అక్కా” అన్నాడు స్టోర్సు గుమాస్తా, గొంతు తగ్గించి. “మన ఐదు శాతం లేని అంకెలు వండాడంటున్నారు పైన. శుక్రవారంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నార్ట.”

“ఎవరన్నారు వండాడని?”

“అందరూ. నేను కాదు. నాకెందుకో ఆ పిల్లాడికి వండేంత తెలివి లేదనిపిస్తుంది.”

ఆమె బ్రష్షు సీసాలో పెట్టేసి రిగ్గు గదికి వెళ్ళింది. కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. మూడేళ్ళ నోటుపుస్తకాలు బల్ల మీద వరసగా పేర్చుకుని, తేదీలు చూస్తున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసింది. కూర్చోలేదు.

“ఫర్నేసు వైపు నట్టు మూడు పట్లు తక్కువ బిగించాను” అంది. “వేడి మీద కారింది. నీ పొడి తిన్నది రెండే. మిగతాది గాలిలోకి పోయింది.”

అతనికి వెంటనే ఎక్కలేదు. “ఏ నట్టు?”

“కొత్త గది పెట్టినప్పుడు. నీ నాలుగు పరుగులూ దాని మీదే అయ్యాయి. నువ్వు యంత్రం నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు పట్టుకుని బిగించేశాను.”

“ఎప్పుడు?”

లాగ్‌బుక్కు తెచ్చి ఆ పేజీ తీసింది. అతను తేదీ చూశాడు. తన నోటుపుస్తకంలో తేదీ చూశాడు. వేలు ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీదకి రెండుసార్లు జరిగింది.

“నేను అడిగాను కదక్కా.”

“అడిగావు.”

“లీకు లేదన్నావు.”

“అప్పటికి లేదు.”

ఆ జవాబు తన నోటినుంచి వచ్చాక అదెలా ఉందో ఆమెకు వినపడింది. అతను పుస్తకం మూసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

“రెండేళ్ళ ఎనిమిది నెలలు” అన్నాడు. తర్వాత, “ఇనుము కలిపి చూసినప్పుడు నువ్వే కదా డబ్బా మూత పట్టుకున్నావు” అన్నాడు.

“నేనే.”

“తిట్టాలనుంది. నోరు రావట్లేదు. నువ్వెళ్ళక్కా.”

ఆమె పైకి, పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన చివరిదాకా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది నువ్వు రాసివ్వాల్సి ఉంటుంది.”

“రాసే తెచ్చాను సార్.”

“ఖాళీ పరుగు వద్దన్నది నేను కదా. అదీ రాశావా?”

“రాయలేదు. అది మీరు రాసుకోవాలి.”

ఆయన రాశాడా లేదా ఆమె చూడలేదు. తర్వాత వచ్చిన అధికారిక నోటులో ‘సాంకేతిక లోపం’ అన్న మాటే ఉంది, మనుషులెవరూ లేరు.

సోమవారం ఆమె చేతే పరీక్ష చేయించారు. ఆ నట్టును మూడు పట్లు వదులు చేసి, లోపల పొడి లేకుండా రెండు వందల డిగ్రీలకు వేడి చేశారు. కుర్రాడు వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. గంటలో డెబ్భై మిల్లీలీటర్ల గ్యాసు పోయింది. చిన్న టీ కప్పు నిండదు. అతను వాడే పొడి బరువుకు ఆ కాస్తా లెక్క కడితే మూడు పాయింట్ ఒకటి శాతం. కాగితం మీద కూడిక అతనే వేశాడు. ఒకటి పాయింట్ తొమ్మిదీ మూడు పాయింట్ ఒకటీ కలిపితే ఐదు. పెన్ను మూత పెట్టి, ఆ కాగితాన్ని పెద్దసారు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

అంకెలు వండాడన్న మాట పోయింది. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. బుడగలక్కకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాన్ని ఆమె ఇంట్లో టీవీ పక్కన పెట్టింది. భర్త చదివి, మడిచి, అక్కడే పెట్టాడు.

ఆమెను ఎక్కువగా తినేస్తున్నది హెచ్చరిక కాదు. రెండు వందల డిగ్రీలకు గంటలో ఒకటి పాయింట్ తొమ్మిది శాతమంటే చెడ్డ అంకె కాదని తర్వాత పెద్దసారే అన్నాడు. అక్కణ్ణించి మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్ళి ఉంటే, రెండేళ్ళ ఎనిమిది నెలల్లో రెండున్నరకో మూడుకో చేరేవాడేమో. చేరకపోయినా, ఎక్కడున్నాడో తెలిసి ఉండేవాడు. అతను మాత్రం అన్నాళ్ళూ తన నిజమైన ఫలితాన్ని వైఫల్యమనుకుని చెత్తబుట్టలో వేశాడు. వేసినప్పుడల్లా ఆమె అదే గదిలో, చేతిలో బ్రష్షుతో ఉంది.

కుర్రాడి పరిశోధన గడువు అయిపోయింది. కాలేజీ ఉద్యోగం ఎప్పుడో వేరేవాళ్ళకు పోయింది. సిలిండర్లు పరీక్షించి ముద్ర వేసే ఒక కంపెనీలో చేరాడని స్టోర్సు గుమాస్తా కనుక్కొచ్చి చెప్పాడు. వెళ్ళే రోజు అందరి దగ్గరికీ వెళ్ళి చెప్పాడు. ఆమె దగ్గరికి కూడా వచ్చాడు.

“నీ మీద కోపంగా ఉందో లేదో నాకే తెలియట్లేదక్కా” అన్నాడు. “తెలిశాక ఫోన్ చేస్తాను.”

“చెయ్యి” అందామె. “తిట్టడానికైనా చెయ్యి.”

ఇంకా చెయ్యలేదు. ఆమె నంబరు మార్చలేదు.

నట్టు వదులుగా ఉన్న పదకొండు వారాల్లో ఆ రిగ్గు మీద వేరేవాళ్ళ పరుగులూ నడిచాయి. మామూలు వేడి మీద నడిచిన వాటికి ఇబ్బంది లేదు. ఫర్నేసు వేడి చేసి నడిపినవి, కుర్రాడివి నాలుగూ కాక, పంతొమ్మిది తేలాయి. ఆ పొడులు కొన్ని సీసాల్లో ఉన్నాయి, కొన్ని మళ్ళీ నూరుకోవాలి. అన్నీ తిరిగి కొలిచే పని ఎవరికీ చెప్పలేదు, ఆమే అడిగి తీసుకుంది. ఒక్కోదానికి ముందు ఒక రోజు ఖాళీ పరుగు, తర్వాత ఒక రోజు కొలత. మధ్యమధ్య మామూలు వరసలో ఉన్నవాళ్ళకు రిగ్గు వదలాలి. అందుకని నెలకు రెండు కన్నా ఎక్కువ కావట్లేదు.

ఆమె రిటైరవడానికి ఏడు నెలలుంది. ఇప్పటికి ఆరు కొలతలయ్యాయి. ఇంకా పదమూడు ఉన్నాయి.